రెక్క కొలతలు కూడా ఇవ్వండి: చిన్న గాలిమరలు చేసేవారికి, పెట్టించేవారికి బహిరంగ లేఖ

చిన్న గాలిమరలు తయారుచేసే కంపెనీల యజమానులకు, వాటిని ఊళ్లకు మంజూరు చేసే అధికారులకు, చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ వారికి,

అయ్యా, నమస్కారం.

నేను ఒడిశాలో, గంజాం జిల్లా బరంపురంలో మోటారు వైండింగ్ పని చేసుకునేవాణ్ణి. నీళ్ల పంపు, ఐసు ఫ్యాక్టరీ మోటారు, పడవ మీది డైనమో, ఏది కాలినా మా దుకాణానికే వస్తుంది. గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య మొగ దాకా ఒడ్డు పొడుగునా మన తెలుగు మత్స్యకారుల పేటలున్నాయి. వాటిలో ఒక పేటలో సామాజిక భవనం పక్కన ఒక చిన్న గాలిమర ఉంది. మీలో ఎవరో చేసిందే, మీలో ఎవరో డబ్బిచ్చి పెట్టించిందే. ఎవరని రాయను. ఒక్కరి మీద ఫిర్యాదు చేయాలని ఈ లేఖ మొదలుపెట్టలేదు. ఈ బాధ ఒక్క పేటదే అయితే ఫోన్లోనే మాట్లాడుకునేవాళ్లం.

ఆ మర ఇప్పుడు తిరగడం లేదు. టవరు దించి, జనరేటరును చేత్తో తిప్పి చూశాను. మూడు ఫేజుల్లోనూ సమానంగా వోల్టేజీ వస్తోంది. లోపలి నియోడిమియం అయస్కాంతాలకు తుప్పు లేదు. టవరు మీద జింకు పూత ఇంకా గట్టిగానే ఉంది. టవరును నిలబెట్టి ఉంచే స్టే వైర్లు మేమే మార్చుకున్నాం, బ్యాటరీలూ మార్చుకున్నాం. లేనివల్లా రెక్కలే. మూడింటిలో ఒకటి, రెక్కలు బిగించే హబ్బు దగ్గర మొదలంటా విరిగి సరుగుడు తోటలో పడింది. ఆ సమయానికి అటువైపు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. రెండోది వెనకంచు పొడుగునా చీలింది. మూడోది చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ముందంచు ఇసుకకు కొట్టుకుపోయి గరుకు కాగితంలా తయారైంది, పైపూత లేచి లోపలి గాజు నార కనబడుతోంది.

విరిగింది తుఫానులో కాదు. 2018లో తిత్లీ వస్తోందన్న కబురు రాగానే పేటవాళ్లే టవరు దించి నేలకు కట్టేశారు. అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటింది. గాలి తగ్గాక మళ్లీ టవరు నిలబెడితే, చుట్టుపక్కల కరెంటు లేని ఆ రాత్రుళ్లు ఆ భవనంలో దీపాలు వెలిగాయి, ఫోన్లు ఛార్జింగ్ అయ్యాయి. 2013 ఫైలిన్‌ను చూసినవాళ్లకు ఆ దీపాల విలువ తెలుసు. అప్పుడు మా జిల్లాలో కరెంటు స్తంభాలు ఎన్నో పడిపోయి చాలా ఊళ్లు వారాల తరబడి చీకట్లో ఉన్నాయి. మర విరిగింది ఆ తర్వాత ఎప్పుడో, మామూలు దక్షిణపు గాలికి. విరిగిన చోటు చూస్తే సగం ముక్క కొత్తగా తెగింది, మిగతా సగం నల్లగా పాతబడి ఉంది. అంటే బోల్టు రంధ్రం దగ్గర వెంట్రుకంత పగులు ఎప్పటినుంచో ఉంది. అందులోకి ఉప్పునీరు దిగుతూ దిగుతూ లోపలి నారను వదులు చేసింది. సముద్రం పక్కన ఏ రెక్కకైనా ఎన్నో ఏట ఒకసారి ఈ గతి తప్పదు. దాన్ని నేను తప్పు అనను. రెక్క అరిగిపోయే వస్తువు. అరిగిపోయే వస్తువుకు మారు దొరకకపోవడమే తప్పు.

మీరు పెట్టిన మరలోనే ఒక మేలైన ఉదాహరణ ఉంది. దాని ముందు బేరింగు అరిగిపోయింది. దాని మీద 6206 అని ఉంది. లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు, బయటిది 62, మందం 16. ఆ నంబరు చెప్తే బరంపురంలోనే కాదు, ప్రపంచంలో ఏ బజారులోనైనా దొరుకుతుంది. ఏ కంపెనీదైనా అందులో కూర్చుంటుంది. జనరేటరు కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే డయోడు బ్రిడ్జి కాలితే దానికీ నంబరుంది. బోల్టుకు సైజుంది, బ్యాటరీకి వోల్టేజీ ఉంది. మర మొత్తంలో నంబరు లేనిది, ఊరూపేరూ లేనిది రెక్క ఒక్కటే. గాలికీ ఇసుకకూ నేరుగా అరిగేదీ అదే.

రెక్కల కోసం మేం అడగని చోటు లేదు. మర పెట్టిన ఏజెన్సీ ఫోను పనిచేయడం లేదు. ఆ మోడల్ ఆపేశారని ఒకరన్నారు, ఆ కంపెనీయే లేదని ఇంకొకరన్నారు. ఒక డీలరు పాతది పీకేసి కొత్త మర కొనుక్కోమన్నాడు. మరొకడు వేరే మోడల్ రెక్కలు చూపించి, ఇవి ఒక అడుగు పొడుగు, కరెంటు ఇంకా ఎక్కువ వస్తుందన్నాడు. పేటలో కుర్రాళ్లు ఆశపడ్డారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇక్కడ వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి రెక్కలు కొని మరలు పాడుచేసుకుంటున్నవాళ్లు ఉన్నారు.

మా మర చక్రం అడ్డంగా 3.2 మీటర్లు. గాలి సెకనుకు 8 మీటర్ల వేగంతో వీస్తే ఆ చక్రంలోంచి వెళ్లే గాలిలో సుమారు 2,500 వాట్ల శక్తి ఉంటుంది. అందులో ఎవరు ఎంత గొప్ప రెక్క చేసినా 59.3 శాతానికి మించి పట్టలేరని జర్మనీలో ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ల కిందటే లెక్క కట్టాడు. చిన్న మరలు పావు వంతు, కొంచెం పైన పట్టుకుంటాయి. అంటే మాకు 600, 700 వాట్లు వస్తాయి. గాలి సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఎవరికైనా పొడుగు రెక్క మీదే మనసు పోతుంది. కానీ రెక్క ఒక అడుగు పెరిగితే చక్రం గాలిని పట్టే వైశాల్యం 40 శాతం పెరుగుతుంది. జనరేటరు మాత్రం పాతదే. పెద్ద గాలి వచ్చినప్పుడు అది ఆ శక్తిని ఆపలేదు, చక్రం పట్టు తప్పి వేగం అందుకుంటుంది. పెద్ద గాలిలో చక్రాన్ని పక్కకు తప్పించడానికి వెనక తోక మడుచుకుంటుంది. అది ఎంత గాలికి మడవాలో కూడా పాత చక్రానికి సరిపడా కట్టి ఉంటుంది.

ఆ వేగమంటే ఏమిటో చెప్తాను. మా చక్రం నిమిషానికి 400 చుట్లు తిరిగితే రెక్క కొస గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రెక్క బరువు రెండు కిలోలే. కానీ ఆ వేగంలో అది హబ్బును బయటికి లాగే బలం 200 కిలోల బరువుకు పైనే. చుట్లు రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు అవుతుంది. ఆ లాగుడంతా రెక్క మొదట్లో నాలుగు రంధ్రాల చుట్టూ ఉన్న జానెడు చోటే మోయాలి.

మూడు రెక్కల బరువు సరిగ్గా కలవకపోతే ఇంకో ప్రమాదం. ఒక రెక్క ముప్పై గ్రాములు ఎక్కువుంటే, అదే వేగంలో మూడు కిలోల బలం టవరు తలను సెకనుకు ఆరేడు సార్లు అటూ ఇటూ గుంజుతుంది. రోజుల తరబడి గుంజితే స్టే వైరు లంగరు ఇసుకలోంచి కదులుతుంది, వెల్డింగులు పగులుతాయి. అందుకే ఒక్క రెక్క విరిగినా మూడూ కలిపి మార్చాలి. మూడింటినీ బరువు తూచి, ప్రతిదాన్నీ కత్తి అంచు మీద నిలబెట్టి తూకం ఎక్కడ కుదురుతుందో గుర్తుపెట్టి, ఆ గుర్తులు మూడింట్లోనూ ఒకే చోట పడేలా చూడాలి. ఆన్‌లైన్‌లో అమ్మే రెక్కల పక్కన ఈ సంగతులేవీ ఉండవు. వాట్లు, పొడుగు, రంగు, అంతే. ఎటువైపు తిరిగే రెక్కో కూడా కొందరు రాయరు. గాలి మన వీపుకు తగిలేలా మర ముందు నిలబడి చూస్తే ఎక్కువ మరలు గడియారం ముల్లులా తిరుగుతాయి. కొన్ని దానికి ఎదురు తిరుగుతాయి. తప్పు వైపు రెక్క కొంటే దాన్ని తిరగేసి బిగించినా పనికిరాదు.

ఇక వాలు సంగతి. మా దగ్గర మిగిలిన మూడో రెక్కను బల్ల మీద బిగించి, స్పిరిట్ లెవెల్, కోణమానిని పెట్టి కొలిచాను. మొదట్లో 17 డిగ్రీల దాకా మెలి ఉంది, కొసకు వచ్చేసరికి 3 డిగ్రీలు. ఈ మెలి ఊరికే పెట్టింది కాదు. కొస వేగంగా తిరుగుతుంది, మొదలు నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి ఒక్కో చోట గాలి ఒక్కో కోణంలో తగులుతుంది. మొత్తం రెక్క నాలుగైదు డిగ్రీలు ఎక్కువ వాలితే మర తేలిగ్గానే కదులుతుంది గానీ వేగం అందుకోదు. మా బ్యాటరీలు 48 వోల్టులవి. జనరేటరు వోల్టేజీ అంతకు పైకి రాకపోతే బ్యాటరీలోకి కొంచెం కూడా కరెంటు పోదు. మర తిరుగుతూనే ఉంటుంది, భవనంలో చీకటిగానే ఉంటుంది.

ఇంత రాసింది మాకు చేతకాదని చెప్పడానికి కాదు. చేతనవును. మీకు తెలియాల్సింది ఇదే.

మా ఒడ్డున ఇప్పుడు చెక్క తెప్పల కంటే ఫైబర్ పడవలు ఎక్కువ. పడవ అడుగు పగిలితే పేటలోనే బాగుచేసుకుంటారు. పగులు గీకి, చెమ్మ ఆరబెట్టి, గాజు మ్యాట్ వరస మీద వరస పరిచి, రెజిన్‌లో గట్టిపరిచే మందు ఎంత కలపాలో ఎండను బట్టి లెక్కేసుకుని పూస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కువ కలిపితే డబ్బాలోనే గట్టిపడుతుందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బుడగ లేకుండా రోలరు ఎలా ఒత్తాలో వాళ్ల చేతికి తెలుసు. మీ రెక్క కూడా అదే మ్యాట్, అదే రెజిన్. అచ్చు ఉంటే ఈ చేతులే రెక్క తీస్తాయి.

చెక్కతోనైనా చేయొచ్చు. 1930ల్లో అమెరికా పొలాల్లో కరెంటు తీగలు రాకముందు ఇళ్లకు దీపాలిచ్చిన జేకబ్స్ మరల రెక్కలు స్ప్రూస్ చెక్కవే. స్కాట్లాండ్‌లో స్కోరేగ్ అనే మూల ఊళ్లో ఈనాటికీ చెక్క చెక్కి రెక్కలు చేసుకునేవాళ్లున్నారు. మా దగ్గర గుమ్మడి టేకు దొరుకుతుంది. తేలిక చెక్క, ఆరాక వంకర తిరగదు. పడవలు చేసిన పాత మేస్త్రులు ఇద్దరు ముగ్గురు ఇంకా ఉన్నారు. ముడి లేకుండా, నార పొడుగునా సాగేలా దుంగ చూసి ఎంచడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

లేనిదల్లా అసలు కొలత. మిగిలిన రెక్క చూసి చేయండి అంటారేమో. ఆ రెక్క ముందంచు ఎంత అరిగిందో మాకు తెలియదు. ఏళ్ల తరబడి ఎండలో నిలబడి మెలి ఎంత జారిందో తెలియదు. అరిగిన రెక్కను చూసి అచ్చు తీస్తే అరుగుదలను కూడా అచ్చు తీసినట్టే. విరిగినదాన్ని అతికించి కొలిచాను, అతుకు దగ్గర డిగ్రీన్నర తేడా వచ్చింది. ఏది నిజమని నమ్మాలి? ఆ లెక్క మీ దగ్గర ఉంది. మీ కంప్యూటర్లో ఏదో ఫోల్డరులో ఉంది, లేదా మూతపడిన షెడ్డులో అచ్చు రూపంలో ఉంది.

కంపెనీలవారిని నేను అడిగేది అర పేజీ. రెక్క పొడుగున ఐదు చోట్ల వెడల్పు, ఆ ఐదు చోట్ల వాలు కోణం, రెక్కను అడ్డంగా కోస్తే కనబడే కోత ఆకారం పేరు, బోల్టు రంధ్రాల సైజు, వాటి మధ్య దూరం, ఒక్కో రెక్క బరువు, తూకం కుదిరే చోటు, తిరిగే వైపు. ఇంతే. దీన్ని ఒక రేకు మీద చెక్కించి కంట్రోల్ పెట్టె తలుపు లోపలివైపు బిగించండి. కాగితమైతే ఉప్పుగాలికి నిలవదు, మా మర పేరు పలకే చదవడానికి లేకుండా చెరిగిపోయింది.

ఇది వ్యాపార రహస్యం, బయట పెడితే ఎవరైనా కాపీ కొడతారంటారేమో. రెక్క కోతల్లో చాలావరకు రహస్యమేమీ లేదు. నాకా 4412 అనే కోతనే తీసుకోండి. నాకా అనే అమెరికా ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ 1930ల్లోనే దాన్ని ప్రచురించింది. వంపు వెడల్పులో 4 శాతం, ఆ వంపు ముందంచు నుంచి 40 శాతం దూరంలో, మందం 12 శాతం, పేరులోనే అంతా ఉంది. పైగా కాపీ కొట్టదలచినవాడు మీ మర ఒకటి కొని కొలుచుకుంటాడు, వాడికి కొత్త రెక్క దొరుకుతుంది. కొలత దొరకనిది పాత రెక్క మిగిలిన మాలాంటివాళ్లకే. మీరు అమ్ముతున్న మోడల్ కొలత ఇప్పుడే ఇవ్వడం ఇష్టం లేకపోతే, ఆ మోడల్ ఆపేసిన రోజున ఇవ్వండి. అమ్మని సరుకుకు రహస్యమెందుకు?

కంపెనీ మూతపడటం ఎక్కడైనా జరిగేదే. అమెరికాలో చిన్న మరలకు పెద్ద పేరున్న సౌత్‌వెస్ట్ విండ్‌పవర్ 2013లో మూతపడింది. అంతటి కంపెనీకే తప్పనిది మన దగ్గర పదిమందితో నడిచే షెడ్డుకు తప్పుతుందా? అందుకే ఈ బాధ్యత కంపెనీ ఒక్కదాని మీద పెట్టి ఊరుకోకూడదు. మంజూరు చేసే అధికారులూ, ఇది మీతో చెప్పే మాట. టవరు ఎత్తు, బ్యాటరీ సైజు, నిర్వహణ ఎన్నేళ్లు అని టెండరులో రాస్తారు. ఇలాంటి మర ఇరవై ఏళ్లు పనిచేయాలని లెక్క. నిర్వహణ ఒప్పందం మాత్రం నాలుగైదేళ్లకు అయిపోతుంది. మిగతా పదిహేనేళ్లు ఎవరు చూస్తారు? టెండరులో ఇంకో రెండు వాక్యాలు కలపండి. తూకం సరిచేసిన ఒక జత రెక్కలు మరతోపాటే ఊరికి ఇవ్వాలి, నీడలో దాచుకుంటాం. కొలతల పత్రం ఇచ్చాకే ఆఖరి బిల్లు ఇవ్వాలి.

జాతీయ పవన శక్తి సంస్థ వారికి నా విన్నపం వేరు. చిన్న మరలను తమిళనాడులోని కయత్తార్‌లో పరీక్షించే ఏర్పాటు మీ దగ్గర ఉంది. మీ జాబితా చూసే కొనేవాళ్లకు ధైర్యం. పరీక్షకు వచ్చిన ప్రతి మోడల్ రెక్క డ్రాయింగు ఒకటి మీ దగ్గర భద్రపరచండి. తయారీదారు ఉన్నంత కాలం దాన్ని మూసే ఉంచండి. తయారీదారు లేకపోయినా, మోడల్ ఆపేసినా, ఆ మర ఉన్న ఊరు అడిగితే ఇవ్వండి. ఇంతకంటే అడగడం లేదు.

ఊళ్లో చేసిన రెక్క విరిగి ఎవరికైనా తగిలితే ఎవరు పూచీ అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, నాకూ రాత్రి నిద్రపట్టనిది అదే. నా జవాబు ఇది: ఎంత బలానికి లాగి పరీక్షించాలో ఆ అర పేజీలోనే రాయండి. రెక్క మొదలును బోల్టులతో ఇనుప దిమ్మెకు బిగించి, చైన్ పుల్లీతో లాగి, మధ్యలో కాటా పెట్టి చూడటం మాకు చేతనైన పనే. పడవ ఇంజన్లు అలాగే ఎత్తుతాం. కొలత దాచినంత మాత్రాన జనం ఆగరు. దొరికిన ప్లాస్టిక్ గొట్టం చీల్చి రెక్కలు కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు. ప్రమాదం అక్కడ ఉంది.

సోలారు పెట్టుకోండి, ఇవన్నీ ఎందుకు అని సలహా ఇచ్చే పెద్దలూ ఉన్నారు. సోలారు ఉంది, ఆ భవనం మీదే ఉంది, చక్కగా పనిచేస్తోంది. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు పట్టిన రోజుల్లో పలకలు అంతంత మాత్రమే. అవే రోజుల్లో దక్షిణపు గాలి రాత్రీ పగలూ వీస్తుంది. వేటకు పోయే మనిషి తెల్లవారుజామున మూడింటికి లేచి ఫోన్లో వాతావరణ హెచ్చరిక చూసుకోవాలి, ఆ వేళకు ఎండ ఉండదు. పేటవాళ్లు ఆ కరెంటును ఎంత పొదుపుగా వాడతారో నేను చూశాను. రుషికుల్య ఒడ్డుకు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే రాత్రుళ్లు సముద్రం వైపు దీపాలు వాళ్లే ఆర్పేస్తారు.

మా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, టవరు దించి ఎత్తడానికి కావలసినంతమంది దొరుకుతారు, ఫైబర్ పనివాళ్లకు తీరిక ఉంటుంది. ఆ రెండు నెలల్లో రెక్కలు తయారైతే వానగాలి మొదలయ్యేసరికి మర తిరుగుతుంది.

ఈ మర మీదేనేమో గుర్తుపట్టడానికి వివరాలు ఇస్తున్నాను. మూడు రెక్కలు, ఫైబర్‌వి, తెల్లగా ఉండేవి. గాలి వీపుకు తగిలేలా మర ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. చక్రం 3.2 మీటర్లు, రెక్క ఒక్కటీ 1.45 మీటర్లు. మొదట్లో నాలుగు రంధ్రాలు, 10 మిల్లీమీటర్ల బోల్టులకు. బ్యాటరీ వైపు 48 వోల్టులు, తోక పక్కకు మడిచే రకం, ముందు బేరింగు 6206. ఇలాంటి రెక్క అచ్చు మీ షెడ్డులో ఏ మూలనైనా ఉంటే పారేయకండి. రవాణా ఖర్చు పేటవాళ్లు పెట్టుకుంటారు. పని అయ్యాక శుభ్రం చేసి మళ్లీ మీకే పంపిస్తారు.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ పనివాడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.